జిగురు పెట్టని కాళ్ళు

ఊళ్ళో ఎవరింటి తలుపు బిగుసుకుపోయినా పెద్దవడ్రంగికే కబురు వెళ్ళేది. చిన్నవడ్రంగి ఆయన తమ్ముడే. ఇద్దరిదీ ఒకే కొట్టు. పెద్దాయన చెయ్యి ఎంత నాజూకో నోరు అంత మొరటు. తమ్ముడు అసలు నోరు విప్పడమే తక్కువ.

వాళ్ళ క్రైస్తవ సంఘంలోని ప్రభువు బల్ల వాళ్ళ నాన్న చేసింది. పైన అతుకు లేని ఒకే పలక. దాని మీద రొట్టె విరిచేవారు. ద్రాక్షారసం పోసిన ఒకే గిన్నె చేతులు మారుతూ అందరికీ అందేది. ప్రభువు తన్ను తాను ఇచ్చేసుకున్నాడు గనుక, ఈ బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా తమది ఏదో ఒకటి వదులుకుని రావాలని పాస్టరుగారు ప్రతిసారీ చెప్పేవారు. అందరికన్నా ముందు తలూపేది పెద్దవడ్రంగే.

ఒక ఏడాది ఊరంతా దగ్గుజబ్బు తిరిగింది. మనిషికో చిన్న గిన్నె పెడదామని కొందరన్నారు. తమ్ముడి భార్యవి అసలే బలహీనమైన ఊపిరితిత్తులు, అతనూ వాళ్ళ మాటే బాగుందన్నాడు. అన్నకు ఒళ్ళు మండింది. దగ్గుమందు మూతల్లో తాగడానికి ఇది ఆస్పత్రా అని నిండు సంఘంలో వెక్కిరించాడు. నలుగురూ నవ్వేసరికి ఇక ఆయన్ని పట్టలేకపోయారు. మాటా మాటా పెరిగి, చూస్తుండగానే సంఘం రెండు ముక్కలైంది.

కుర్చీలు, దీపాలు తేలిగ్గానే పంచుకున్నారు. బల్ల దగ్గరే పీటముడి పడింది. సగానికి కోసేద్దామని పెద్దవడ్రంగి లేచాడు.

"కొయ్యొద్దు అన్నయ్యా. మీ వాళ్ళే ఉంచుకోండి. మాకు ఏ చెక్కయినా చాలు," అన్నాడు తమ్ముడు.

అన్న దాన్ని మంచితనం అనుకోలేదు, అందరి ముందూ మంచివాడు అనిపించుకునే ఎత్తు అనుకున్నాడు. బిడ్డను రెండుగా నరకమన్న రాజు కథను ఆదివారం బడిలో పిల్లలకు ఏటేటా చెప్పే మనిషి ఆయన. బిడ్డను వదులుకున్నదే అసలు తల్లి అని వాళ్ళ చేత పలికించేవాడు కూడా. రంపం అందుకునేటప్పుడు మాత్రం ఆ కథ ఒక్క పిసరు కూడా గుర్తుకు రాలేదు మహానుభావుడికి.

పలక కోసేటప్పుడు చివరికొచ్చేసరికి తెగిన సగం బరువుకు వాలిపోయి, మిగిలిన కాస్త చెక్కా చీలుతుంది. అందుకని అవతల ఒకరు పట్టుకోవాలి. కొట్టులో ఆ పని ఎప్పుడూ తమ్ముడిదే. ఆ రోజు సంఘంలో ఒక్కరూ కదల్లేదు. వద్దన్న తమ్ముడే వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, వాలుతున్న సగాన్ని రెండు చేతులతో ఎత్తిపట్టాడు. కోత నున్నగా వచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పెద్దవడ్రంగి తన సగానికి రెండు కొత్త కాళ్ళు పెట్టి, జిగురు పూసి, మేకులు దిగగొట్టాడు. కోసిన అంచు కనపడకుండా సన్నని పట్టీ కూడా వేశాడు. కానీ రొట్టె విరిచే బల్ల ఆదివారం నాడు గిన్నె తన దాకా వచ్చేసరికి కింద నుంచి ఎత్తిపట్టిన ఆ రెండు చేతులే కళ్ళ ముందు మెదిలేవి. పెదవులకు ఆనించినట్టు నటించి, పక్కనున్న భార్యకు అందించేసేవాడు. ఒకే గిన్నె కోసం సంఘాన్ని చీల్చిన మనిషి ఆ గిన్నెలో చుక్క ముట్టడం లేదు. ఈ సంగతి బయటపడితే తల ఎక్కడ పెట్టుకోవాలి?

భార్య చాలాకాలం చూసీ చూడనట్టు ఊరుకుంది. ఒక ఆదివారం ఇంటికి వస్తూ దారిలో ఒకే మాట అడిగింది.

"ఈ నటన నా ముందా, దేవుడి ముందా?"

మరుసటి బల్ల ఆదివారం ఆయన వీధి దాటి తమ్ముడి సంఘానికి వెళ్ళి, దొంగలా ఆఖరి వరుసలో ఒదిగి కూర్చున్నాడు. కళ్ళు ముందుగా బల్ల మీదికే పోయాయి. కోసిన అంచుకు పట్టీ వెయ్యలేదు, కోత కోతలాగే ఉంది. కొత్త కాళ్ళకు మేకుల్లేవు, జిగురు మరక లేదు. స్క్రూలతో బిగించి వదిలేశారు. వడ్రంగికి ఒకరు విడమరిచి చెప్పాలా? ఎప్పుడో ఒకనాడు విప్పి, రెండు సగాలూ కలపాలనే అలా బిగించారు. ఆయనకు అక్కడ కూర్చోవడమే కష్టమైంది.

చిన్న గిన్నెల పళ్ళెం పట్టుకొచ్చింది తమ్ముడే. వచ్చేవాళ్ళను బట్టి నింపుతారు కాబట్టి ఆఖరి వరుసకు ఒక్కటే మిగిలింది. అది తమ్ముడు తన కోసం ఉంచుకున్నదని తెలుస్తూనే ఉంది. తమ్ముడు పళ్ళెం అన్న ముందుకు చాపి, ఖాళీ పళ్ళెంతో వెనక్కి వెళ్ళాడు.

దగ్గుమందు మూత. పెద్దవడ్రంగి తాగాడు. ఈసారి నిజంగానే తాగాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆరాధన అయ్యాక బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. క్షమించమందామనుకున్నాడు గాని, నోటికి పనిమాటే వచ్చింది.

"నా సగానికి జిగురు పెట్టేశాన్రా," అన్నాడు నేల చూస్తూ. "మేకులు కూడా కొట్టాను. ఇప్పుడు కాళ్ళు పీకితే పలక చీలిపోద్దేమో."

కోసిన అంచు వెంట తమ్ముడు వేళ్ళు పోనిచ్చాడు.

"నువ్వు పీకు అన్నయ్యా," అన్నాడు. "నేను పట్టుకుంటాను."