పరకలకు చిక్కని పిండి

మా ఆయన మందుల కోసం నిజామాబాద్ వెళ్ళి, బోధన్ బస్సు కోసం గంజ్ బజారు మీదుగా నడిచి వస్తున్నాను. కాళ్ళు లాగుతున్నాయి. దాణా దుకాణం ముందు ఎవరో నూనె తీసిన పల్లిచెక్క బస్తా మూతి విప్పారు. కొంచెం మాడినట్టు, కొంచెం తియ్యగా ఉండే ఆ వాసనకు అక్కడే నిలబడిపోయాను. "ఏం గావాలమ్మా?" అని దుకాణదారు అడిగాడు. ఒకప్పుడు ఆ వాసన అంటిన చేతులతో మా గడప ఎక్కే మనిషి ఒకామె ఉండేది.

జుబేదా ఖాలా మా పక్కింటావిడ, గల్లీ అందరికీ పిన్ని వరస. ఆమె భర్త చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడ్డాక చెరువుకు గాలం పట్టుకుని తిరిగాడట. ఆయన పోయాక, కూతురు పగలంతా పనికి పోతుంటే, ఆ గాలపు కర్రలు ఆమె చేతికి వచ్చాయి. బురఖా వేసుకుని, పాత నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని చేపలు పట్టేది. ఆడమనిషి గాలం పట్టుడేందని గల్లీలో నవ్వితే, "ఇంట్ల కూసుంటె గోడలు మాట్లాడ్తయా?" అనేది. ఆమె ఆశంతా బంగారు తీగ మీద. ఆ పెద్ద చేప తొందరపడదు. అడుగున బురదలో మెల్లగా వెతుక్కుంటూ వచ్చి ఎరను నోట్లోకి తీసుకుంటుంది. అది వచ్చేలోపల వేలెడంత పరక చేపలు గుంపుగా మూగి ఎరంతా పొడుచుకు తినేస్తాయి. చాలా రోజులు ఖాలా ఉత్త గాలంతోనే తిరిగి వచ్చేది. "దొంగలు తిన్నరు బేటీ," అని మా అరుగు మీద కూలబడేది.

మా ఆయన శ్రీనివాస్ బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. సన్నని రాగితీగను ఆయన వేళ్ళు చుట్టే తీరు చూడడానికే రైతులు నిలబడేవారు. ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి ఎవరిదో అన్నట్టు ఒళ్ళో పడి ఉండేది. ఫిజియోథెరపీ అమ్మాయి ఓపికగా వచ్చి, పిసకమని రబ్బరు బంతి ఇచ్చింది. అది మంచం కిందికి దొర్లిపోతే ఆయన తియ్యమని కూడా అనలేదు. మాట పూర్తిగా మానేశాడు. నేను బడికి పోయి పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి ఆయనకు స్నానం చేయించి, తినిపించి, ఆ తర్వాత పొయ్యి ముందు ఊరికే కూర్చునేదాన్ని. ఏడుపు కూడా వచ్చేది కాదు. ఏడవడానికి కూడా కొంత బలం కావాలి.

ఒక సాయంత్రం ఖాలా గాలపు ఎర కోసం గిన్నె నిండా మక్కజొన్న పిండి, పల్లిచెక్క పొడి నీళ్ళు పోసి కలిపి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"శీనూ, గీ పిండి పిసుకు. నా చేతులు నొస్తున్నయ్."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. నాకు చిరాకేసింది. "ఆయన చెయ్యి పనిచేస్తలేదు కద ఖాలా," అన్నాను.

"ఒక చెయ్యి మంచిగనే ఉన్నది. రెండోది గిన్నెను ఆపుతది. చాలదా?"

గిన్నె అక్కడే వదిలి వెళ్ళిపోయింది. చాలాసేపటికి ఆయన ఎడమచెయ్యి అందులోకి పోయింది. మర్నాడు ఆ పిండితో చెరువుకు పోయొచ్చిన ఖాలా, బాగున్నావా అనైనా అడగకుండా మొదలుపెట్టింది. "ఏం పిండి అది? నీళ్ళల్ల పడంగనే ఇడిపోయింది. పరకలు పండుగ జేసుకున్నయ్!"

"నీళ్ళు... ఎక్కువ పోసినవ్," అన్నాడు మా ఆయన. మాట ముద్దగా వచ్చింది. అన్ని రోజుల తర్వాత నేను విన్న మొదటి మాట అది.

"గట్లయితె నువ్వే కలుపు."

అలా రోజూ సాగింది. ఆమె చెరువు నుంచి ఓటమి మోసుకొచ్చేది, ఆయన మరింత గట్టిగా పిసికేవాడు. పిండి విడిపోకుండా దూది పోగులు కలపమన్నది ఆయనే. పరకలను మళ్ళించడానికి దూరంగా తవుడు చల్లమన్నదీ ఆయనే. అన్నీ మంచి రోజులని చెప్పను. ఒకరోజు కోపంతో గిన్నె విసిరేశాడు. గోడంతా పిండి. నేను చీపురు తెచ్చేలోపల, ఖాలా నేల మీద కూర్చుని ముద్దలన్నీ ఏరుకుంది. "మట్టి గలిసింది. పర్వాలేదు, చేపలకు మట్టి కొత్తనా?" అంది. మా ఆయన నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు.

చలికాలంలో ఒక ఉదయం ముగ్గురం ఆటోలో చెరువుకు పోయాం. నీళ్ళలో బెండు టక్కుటక్కున వణికింది. "పరకలే. ఉండనీ," అన్నాడు ఆయన. అవి పొడిచి పొడిచి విసిగిపోయినట్టున్నాయి, బెండు ఊరుకుంది. ఎండ భుజాల మీదికి వచ్చింది. అప్పుడు బెండు కొంచెం ఒరిగి, ఎవరో కిందినుంచి లాగినట్టు మెల్లగా మునిగింది. ఖాలా కర్ర ఎత్తింది కానీ, ఆమె పట్టు జారిపోయింది. "శీనూ, పట్టు! నాతోని అయితలేదు!" అని అరిచింది. ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన చేత పట్టించడానికే ఖాలా నటిస్తోందనుకున్నాను. నేను మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, కొట్టుకుంటున్న బంగారు తీగను కొంగులో చుట్టి పైకి తెచ్చాను. ఆయన చేపను చూడలేదు. కర్ర మీదున్న తన కుడిచేతినే చూసుకున్నాడు.

ఆ వేళ్ళు మళ్ళీ రాగితీగ చుట్టలేదు. కానీ అన్నం కలుపుకుని తింటాడు, చొక్కా వేసుకుంటాడు, తన వైండింగ్ దుకాణంలో కూర్చుని పనివాళ్ళను తిడతాడు. ఖాలా చనిపోయినప్పుడు ఆమె కూతురితో అన్నాను, "చేతులు నొస్తున్నయని మీ అమ్మీ ఆడిన నాటకం మా ఇల్లు నిలబెట్టింది."

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "నాటకమెక్కడిది అక్కా? అమ్మీకి కీళ్ళవాతం. పొద్దుగాల గుండీలు గూడ నేనే పెట్టేదాన్ని. పిండి పిసకమని ముందుగాల నన్నే అడిగింది. నాకు గా వాసన పడక కాదన్న."

ఇన్నేళ్ళూ అది జాలి అనుకున్నాను. ఖాలా వచ్చింది తన అవసరం కోసం. మా ఆయనకు అది మొదటి రోజే తెలిసి ఉంటుంది. ఉత్త ఓదార్పు అయితే ఆ బంతిలాగే మంచం కిందికి పోయేది.

నేను ఇప్పటికీ అలసిపోయే ఉన్నాను. ఇంకొకరిని ఓదార్చే మాటలు నా దగ్గర లేవు. మొన్న వెనకింటి కోడలు, కడుపు పోయిన పిల్ల, ఎన్నాళ్ళకో పెరట్లోకి వచ్చి గోడవారగా నిలబడింది. నేను తడిసిన రగ్గుతో కుస్తీ పడుతున్నాను, భుజం లేవడం లేదు. "గీ కొస పట్టుకుంటవా బిడ్డా? నాతోని అయితలేదు," అన్నాను. ఆమె వచ్చి పట్టుకుంది. ఇద్దరం చెరో వైపు తిప్పి పిండాము. నీళ్ళు మా కాళ్ళ మీద పడ్డాయి. "ఇంకా ఉన్నయ్ పెద్దమ్మా, గట్టిగ తిప్పు," అంది.