అద్దాలక్క కుళ్ళు

లోకంలో ఇంకో ఆడది అందంగా ఉందంటే అద్దాలక్కకు ముద్ద దిగదు. ఆ అందగత్తె పక్కింటి పిల్లయినా సరే, సబ్బు పెట్టె మీది బొమ్మయినా సరే. "బాగుంది కదూ" అని ఎవరి నోరైనా జారిందా, అక్క సంచిలోంచి చిన్న అద్దం బయటికొస్తుంది. ఎడమ చెంప, కుడి చెంప, గడ్డం అన్నీ చూసుకుని, "ఏం బాగు? నాలో సగం లేదు!" అని తేల్చేస్తుంది.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం సినిమా హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పడం. పొద్దస్తమానం చీకటి గదిలో, గోడంత అందమైన మొహాలను చూస్తూ వాటి నోట్లో తన గొంతు పెట్టాలి. ఆవిడ కడుపుమంటకు గదిలో ఏసీ రెండుసార్లు కాలిపోయిందని సౌండ్ ఇంజనీరు ఒట్టేసి చెబుతాడు. పాపం, గాజు పలక అవతల ఆ నసంతా వినేది అతనే.

"తమ్ముడూ, చూశావా? పళ్ళు దానివి, నవ్వు నాది. చప్పట్లు మాత్రం దానికి!"

"టేకు అక్కా, టేకు."

"ఆ కనుబొమలు పెన్సిలుతో గీసినవే. కావాలంటే తుడిచి చూడు!"

ఇంతలో ఓ ప్రేమ సినిమా వచ్చింది. అందంగా లేనని కుమిలిపోయే పిల్ల చివరికి "నేను ఇలాగే బాగున్నాను" అనుకోవడమే కథ. వేషం వేసింది ఓ కొత్తమ్మాయి. బండ ముక్కు, బొంగురు గొంతు. నవ్విందంటే పాత స్కూటరు స్టార్టయినట్టే. డబ్బింగ్ చూద్దామని వచ్చి ఇంజనీరు పక్కన ముడుచుకు కూర్చుంది. డైరెక్టరు చివరి సీనే ముందు పెట్టించాడు.

"సార్, ఆ ఒక్క మాటా నేను చెప్పుకోనా?" అంది అమ్మాయి, భయంభయంగా.

"నువ్వా? హీరో పారిపోతాడమ్మా! మొహం నీది, గొంతు అక్కది. సరేనా?"

అమ్మాయి తల దించేసుకుంది. ఇంజనీరు తన మైకు మీట ఆపడం మరిచాడేమో, ఇదంతా లోపల అక్క చెవిలో పడింది. హెడ్‌ఫోన్లు తీసి విసిరికొట్టింది.

"నేను చెప్పను!"

"ఏమైందక్కా?"

"ఆ బుగ్గల మీద సొట్టలేంటి? ఆ జుట్టేంటి? చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది. దీనికి గొంతు కూడా నేనే ఇస్తే ఇంక నాకేం మిగులుతుంది?"

తన సొట్టలు చూసి కుళ్ళుకునే మనిషిని ఆ అమ్మాయి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చెయ్యి దానంతటదే బుగ్గ మీదికి పోయింది. అక్క మాత్రం తలుపు ధడేలున వేసి వెళ్ళిపోయింది.

"వారంలో రిలీజు! ఇంకెవరినైనా పిలవవయ్యా!" అని డైరెక్టరు జుట్టు పీక్కున్నాడు.

ఇంజనీరు ఫోన్లు తిప్పాడు. ఒకావిడకు గొంతు నొప్పి. ఇంకొకావిడకు జలుబు. మూడో ఆవిడకు అబద్ధం అలవాటు లేదు. "నాకేం రోగమొచ్చిందని చెప్పమందో మర్చిపోయాను బాబూ! ఉండు, అక్కనడిగి చెబుతా."

ఇంజనీరు నవ్వు మింగి, మొహం వేలాడేసుకుని వచ్చాడు. "ఊళ్ళో అందరి గొంతులూ పోయాయి సార్. ఉన్నది ఈ అమ్మాయి ఒక్కతే."

విధిలేక ఆ అమ్మాయినే మైకు ముందు నిలబెట్టారు. సినిమా విడుదలయ్యాక, స్కూటరు నవ్వు వినపడ్డప్పుడల్లా హాల్లో ఈలలే ఈలలు.

ఇంజనీరు అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, అందరూ ఆ అమ్మాయి గొంతు గురించే మాట్లాడుకుంటున్నారు."

అవతల పళ్ళు నూరిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"దాని గొప్పేముంది తమ్ముడూ? నేను చెప్పకపోబట్టే కదా అంత బాగా వచ్చింది!"