కొండ కింద ఒంటి తుమ్ము

మొన్న పొద్దున చేతికర్ర కింద రబ్బరు అరిగిపోతే పెద్ద మార్కెట్టు పక్క సందులో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన పాత స్కూటరు టైరు ముక్క కోసి బిగించి, పిడి మీద చెక్కిన బొమ్మను తిప్పితిప్పి చూసి ఆంజనేయస్వామా అని అడిగాడు. కాదు, గొరిల్లా అని చెప్పినా నమ్మలేదు, కళ్ళకద్దుకునే ఇచ్చాడు. కర్ర తీసుకుని అడుగు వేయబోతుంటే నాకొక తుమ్ము వచ్చింది, ఒక్కటే. పక్కన నిలబడ్డ ఇద్దరు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని అవతలికి జరిగారు. నేను మళ్ళీ ఆయన ముక్కాలిపీట మీదే కూర్చుని, సంచిలోంచి సీసా తీసి రెండు గుక్కలు నీళ్ళు తాగి అప్పుడు కదిలాను. ఒంటి తుమ్ము పడితే కాసేపు కూర్చుని నీళ్ళు తాగి బయల్దేరాలని మనకు ఎవరు నేర్పారో గాని, మన వయసువాళ్ళకు ఆలోచించకుండానే కాళ్ళు ఆగిపోతాయి. ఆ అలవాటే ఒకసారి, ఎక్కడో ఆఫ్రికా కొండల కింద, మా అక్క బతుకులో ఉన్న ఒకే ఒక్క కోరికకు అడ్డం పడింది.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. మా పుదుచ్చేరిలో, ఫ్రెంచిలో పాఠాలు చెప్పే బడిలో ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం పంతులమ్మగా చేసింది, పెళ్ళి మాట ఎత్తనిచ్చేది కాదు. నేను పెళ్ళి చేసుకుని తొందరగానే ఒంటరినై ఆమె దగ్గరికే చేరాను. ఆమె తరగతి గోడకు కొండగొరిల్లా పటం ఒకటి ఉండేది. మనిషికీ దానికీ పోలికలు చెప్పడం ఎప్పుడూ చేతిగోళ్ళతో మొదలుపెట్టేదట. పిల్లికి వాడి గోళ్ళు, దీనికి మాత్రం నీకూ నాకూ ఉన్నట్టు పలచటి చదును గోళ్ళు అని పిల్లలందరి చేతులూ బల్లల మీద పెట్టించేదట. ఏటా ఎవరో ఒక పిల్ల మీరు చూశారా అని అడిగేది. లేదు అని అక్క ఎన్నడూ అనలేదు, ఇంకా లేదు అనేది. ఆ 'ఇంకా' అన్న ఒక్క మాట మీదే ఆమె ఉద్యోగమంతా గడిచిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

నాది ఆ ఊళ్ళోనే గోరిమేడు పెద్దాసుపత్రిలో నర్సు పని. అందులో ఎక్కువ కాలం ఛాతీ జబ్బుల వార్డులో చేశాను. నేనిప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు కూడా ఆ వార్డులో నాతోబాటు పనిచేసిన యానాం ఆమె నేర్పినవే. మా ఇంట్లో తెలుగు మాట్లాడటమే గాని చదవడం ఎవరికీ రాదు, అక్కకు అసలే రాదు. ఆమె ఉండి ఉంటే ఇదంతా నేను చదివి వినిపించవలసి వచ్చేది, ఆమె మధ్యమధ్యలో తప్పులు దిద్దేది.

రెండువేలు దాటిన ఏడెనిమిదేళ్ళకు, మా అన్నయ్య కొడుకు రువాండాలో తేయాకు ఫ్యాక్టరీ ఉద్యోగంలో కుదురుకుని, అత్తలిద్దరినీ రమ్మన్నాడు. గొరిల్లాలను చూడ్డానికి కొండకు పోవాలని ఆరు నెలల ముందే మా ఇద్దరి పేర్లు రాయించాడు. అక్కకు అప్పటికి అరవై దాటాయి. మా పుదుచ్చేరిలో కొండ కాదు గదా గుట్ట కూడా లేదు. కొండెక్కడం అలవాటు కావాలని రోజూ సాయంత్రం ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసే వాలుదారి మీద నాలుగంతస్తులు ఎక్కీ దిగీ చేసేవాళ్ళం. వార్డుబాయిలు అడ్డం తొలగమని కసిరేవారు. అక్క మాత్రం చీరకుచ్చెళ్ళు దోపుకుని, మెడలో బడి ఈల వేసుకుని, నిజంగా పర్వతం ఎక్కుతున్నంత గంభీరంగా నడిచేది.

అక్కడికి చేరిన మూడోనాడు సాయంత్రం అక్క గొంతు బొంగురుపోయింది. మర్నాడే కొండకు పోవలసిన రోజు. కొత్తచోటు, ఎడతెగని వాన, పైగా చలి. వీపు మీద చెయ్యి పెట్టి చూశాను. ముప్పై ఏళ్ళు ఛాతీ వార్డులో చేసినదాన్ని, నాకు వేరే పరీక్షలు అక్కర్లేదు. జామాయిల్ ఆకులు మరిగించి ఆవిరి పట్టించాను, మాత్ర వేశాను. జలుబు అన్న మాట మాత్రం ఆమె అనలేదు, నేనూ అనలేదు. జబ్బుతో ఉన్నవాళ్ళను పైకి రానివ్వరని మేనల్లుడు ముందే చెప్పి ఉన్నాడు. అందుకే ఇద్దరం వేరే ఏవేవో మాట్లాడుకున్నాం.

పొద్దున కొండ కింద అటవీశాఖవాళ్ళ ఆఫీసు ముందు ఎనిమిదిమందిని నిలబెట్టి గైడు నియమాలు చెప్పాడు. సన్నగా, పొడుగ్గా, మెత్తగా మాట్లాడే మనిషి. అక్క కోసం ఫ్రెంచిలోనూ చెప్పాడు. గొరిల్లాలకు ఏడడుగుల దూరం కాదు, ఏడు మీటర్ల దూరం ఉండాలి. గంటకు మించి ఉండకూడదు. మన జలుబు మనకు చిన్నదే గాని దాన్ని తట్టుకునే శక్తి వాటి ఒంట్లో లేదు, కాబట్టి ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే దయచేసి చెప్పండి అన్నాడు. అక్క నేలచూపులు చూసింది. నేను కొండవైపు చూశాను. ఈ పాపంలో నా వాటా పెద్దది, ఆమెను కోరిక కట్టేసింది, నాకైతే అంటుజబ్బంటే ఏమిటో చదువుకున్న చదువు ఉంది. అయినా నోరు విప్పలేదు. తలో చేతికర్ర ఇచ్చారు, పిడి మీద గొరిల్లా బొమ్మ చెక్కినవి. బయల్దేరదీశారు. ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, చేల గట్టు మీద నాలుగడుగులు వేశామో లేదో, అక్కకు తుమ్ము వచ్చింది.

ఒక్కటే తుమ్ము. అది చాలా చిన్నది, ఎవరికీ వినపడి ఉండదు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నడిచిపోయి ఉంటే ఎవరూ వెనక్కి తిరిగి చూసేవారు కాదు. నేనే చెయ్యి పట్టుకుని లాగాను. "అక్కా, కూచో. ఒక గుక్క నీళ్ళు తాగి కదులు," అని గట్టు మీది నల్లరాయి మీద కూర్చోబెట్టి సీసా మూత తీశాను. అంతా అయ్యాకగాని నేనేం చేశానో నాకు తెలియలేదు. నర్సు చదువు చేయించలేని పనిని చిన్ననాటి అలవాటు చేయించింది. ముందు పోతున్న గైడు వెనక్కి వచ్చి, ఎందుకు కూర్చున్నారని అడిగాడు.

అక్క అబద్ధం చెప్పలేదు. నిన్నటి నుంచి జలుబుగా ఉందని, దాచిపెట్టి పోదామనే అనుకున్నానని, తరగతిలో పాఠం చెప్పినంత స్పష్టంగా ఫ్రెంచిలో చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. ఆమె చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని, మిమ్మల్ని తీసుకుపోలేనమ్మా అన్నాడు. తర్వాతి రోజులన్నీ వేరేవాళ్ళ పేర్లతో నిండిపోయి ఉన్నాయి, మా తిరుగు విమానం ఎల్లుండే. నేనూ ఆగిపోతానన్నాను. అక్క ఒప్పుకోలేదు. "నువ్వు పో పాపా. ఇద్దరం యీడనే కూచుంటే ఏంది లాభం? పోయి బాగా చూసిరా. ఒగటీ వదలొద్దు," అంది.

అలా గొరిల్లా అంటే ఏమాత్రం ఆసక్తి లేని నేను, వెదురుపొదల్లో, దురదగొండి ఆకుల మధ్య, మూడుగంటలు బురదలో జారుతూ ఎక్కాను. దారంతా ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గులేదు. గైడు గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేశాడు, పొదలోంచి అలాంటి చప్పుడే బదులు వచ్చింది. ఒక తల్లి పిల్లను ఒళ్ళో వేసుకుని ఆకులు నములుతోంది. ఆ పిల్ల మమ్మల్ని చూసి ఊరుకుందా, దిగి నేరుగా నా కర్ర వైపు వచ్చేసింది. గైడు మమ్మల్ని వెనక్కి నెట్టేలోపే అది నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. నాకే జబ్బూ లేకపోయినా ఊపిరి బిగబట్టాను. నా చోట అక్క ఆ జలుబుతో ఉండి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. గైడు దాన్ని అదిలించి పంపాక, దూరం నుంచి దాని డొక్కలు ఎగసిపడటం చూస్తూ, వార్డులో రోగికి లెక్కపెట్టినట్టు ఊపిరి లెక్కపెట్టాను. గంటసేపూ నేను చూసింది అదే.

దిగివచ్చేసరికి అక్క ఆఫీసు ముందు బల్ల మీద, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎంతసేపు పట్టిందని గాని, ఎన్ని కనబడ్డాయని గాని అడగలేదు. పక్కన కూర్చోగానే, "దాని గోళ్ళు యెట్లుండాయి?" అంది. నేను గోళ్ళు చూడలేదు. అంత దగ్గరికి వచ్చిన చేతిని చూడనే లేదు. ఒక్క క్షణం ఆగి, "మన గోళ్ళ మాదిరే ఉండాయక్కా," అన్నాను. ఆమె తన వేళ్ళు చాచి చూసుకుని, సరే అని తలాడించింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ ప్రయాణం ప్రస్తావన చాలా తక్కువగా వచ్చేది, నన్ను ఆమె ఒక్కసారి కూడా తప్పుపట్టలేదు.

ఆ పాడు కరోనా ఏడాది అక్కను ఆసుపత్రిలో చేర్చినప్పుడు లోపలికి ఎవరినీ రానివ్వలేదు. నియమం తప్పని నేననను, నేనే ఆ ఉద్యోగంలో ఉంటే నన్ను నేనూ రానిచ్చేదాన్ని కాదు. రోజూ పదిగంటలకు వార్డు నుంచి చిన్న నర్సు ఒకతె, యానాం పిల్లే, ఫోను చేసి రెండు ముక్కలు చెప్పేది. నాలుగో రోజు, "గోళ్ళు యెట్లుండాయమ్మా?" అని అడిగాను. ఊపిరి చాలకపోతే గోళ్ళు నీలం తిరుగుతాయి, మా పనిలో మొదట నేర్పేదే అది. నేనేం అడుగుతున్నానో ఆ పిల్లకు తెలుసు. ఒక్క క్షణం ఆగి, "బాగానే ఉన్నాయండీ," అంది. ఆ ఆగడం నాకు బాగా తెలుసు, ఆనాడు బల్ల మీద నేనూ అంతే సేపు ఆగాను. నా మాట అబద్ధమని అక్కకు అప్పుడే తెలిసిపోయి ఉంటుందని, ఫోను పట్టుకుని నిలబడి ఉండగా అర్థమైంది. మర్నాడు అక్క పోయింది.

ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తుమ్మితే ముక్కు మూసుకోవాలని, దూరంగా జరగాలని తెలుసు. మంచిదే, మేము వార్డులో గొంతు చించుకుని చెప్పినా ఎక్కని సంగతి లోకమంతా నేర్చుకుంది. కాని తుమ్మినవాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, సీసా మూత తీసి ఇచ్చేవాళ్ళు ఒకప్పుడు ప్రతి గడపలో ఉండేవారు. నాకు ఆ పని చేసే మనిషి అక్కే. మొన్న ముక్కాలిపీట మీద నన్ను నేనే కూర్చోబెట్టుకున్నాను, మూత కూడా నేనే తీసుకున్నాను.