గేటుకి వేసిన తాళం

తొంభైల చివర్లో ఒకరోజు నాన్న పొద్దున్నే కాలవగట్టు మీద నడకకి వెళ్లి ఇంటిదారి మరిచిపోయారు. రామచంద్రపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఎవరింటి అరుగు మీదో కూర్చుంటే, ఆ ఇంటివాళ్లు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పజెప్పారు. నాకు జాలి కంటే ముందు సిగ్గు వేసింది. మర్నాటి నుంచి గేటుకి తాళం వేశాను.

నాన్న వచ్చి తాళం గుంజేవారు. గుంజినప్పుడల్లా ఒక బెల్లం జీడి చేతిలో పెట్టేవాణ్ణి. అది నోట్లో ఉన్నంతసేపూ నెమ్మదిగా ఉండేవారు. ఆయనకి షుగర్ ఉందని నాకు తెలుసు.

మూడు నెలల తర్వాత రాజమండ్రి తీసుకెళ్తే, డాక్టరుగారు అల్జీమర్స్ అన్నారు. మా ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. మేనత్త చివరి రోజుల్లో కన్నకూతుర్నే పనిమనిషి అనుకునేదని చెప్పాను. వంశంలో ఉంటే వచ్చే అవకాశం కొంత పెరుగుతుందే గానీ, వచ్చి తీరాలని లేదన్నారు. బీపీ, షుగర్, పొగ తాగడం, కదలకుండా కూర్చోవడం కూడా దానికి తోడవుతాయన్నారు.

"రోజూ నడుస్తున్నారా ఈయన?"

"నడుస్తున్నారండి," అన్నాను. మా ఆవిడ నావైపు చూసి తల తిప్పుకుంది.

ఆయన చెప్పినవాటిలో వంశం అన్న ఒక్క మాటే నా చెవికెక్కింది. బడిపంతుల్ని కదా, రోజూ బళ్లో హాజరుపట్టీ పేర్లు చూడకుండా వరసగా గుర్తు తెచ్చుకునేవాణ్ణి. ఒక్కటి తప్పితే చెమట పట్టేది. వెంటనే సిగరెట్టు వెలిగించేవాణ్ణి. ఎలాగూ వచ్చేదానికి ఇవెందుకని నా బీపీ బిళ్లలు మానేశాను.

మింగకుండా మిగిలిపోయిన ఆ బిళ్లలు మా ఆవిడ కంటపడ్డాయి.

"సిగరెట్టు కూడా మీ మేనత్తే వెలిగించి ఇస్తోందాండి?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన జబ్బు మీకొస్తుందో లేదో నాకు తెలీదు. ఆ తాళం మాత్రం మీరు వేసిందే," అంది.

మర్నాడు తాళం తీశాను. నాన్న వెనకే కాలవగట్టెక్కాను. ఆ మూడు నెలల్లో ఆయన పోగొట్టుకున్నదాంట్లో నా తాళం వాటా ఎంతో ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం లేక ఆ డాక్టరుగారి దగ్గర అసలు నిజం ఎప్పుడూ చెప్పలేదు.

కాస్త దూరానికే నాకు ఆయాసం వచ్చింది. నాన్న ఆగి వెనక్కి చూశారు.

"తమరు ఎవరి తాలూకండి?"

"మీ తాలూకేనండి."

"ఒగరుస్తున్నారు. రోజూ నడవాలండి," అన్నారు.

నడుస్తానన్నాను. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని ముందుకి సాగిపోయారు. ఆయన్ని అందుకోడానికి అడుగు పెంచాను.