కుర్చీ దించి పచ్చడి జాడీలెక్కించారు

మా తమ్ముడి మీద నాకింకా కోపం పోలేదు. పోనిద్దూ అని ఎవరైనా సర్దిచెప్పబోతే వాళ్ళ మీద కూడా వస్తోంది. అక్కను ఓడ ఎక్కించి సముద్రమంతా తిప్పుకొచ్చాడని నరసరావుపేటలో మా బజారు బజారంతా వాణ్ణి మెచ్చుకుంటోంది. ఎక్కించిన మాట నిజమే. మిగతాది నేను చెప్పాలి.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా రెండు కాళ్ళూ పడిపోయాయి. చంకకర్రలతో చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాను. భుజాలు అరిగిపోయాక చక్రాల కుర్చీ కొనుక్కున్నాను. మాది విత్తనాలు, పురుగుమందుల కొట్టు. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేనే. ఇంట్లోంచి కొట్టు దాకా ఆ కుర్చీని నా చేతులతో నేనే తోసుకుంటూ వెళ్తాను. అది వచ్చాకే నాకు దాహమైనప్పుడు నీళ్ళు తాగడం అలవాటైంది. అంతకుముందు, తాగితే మళ్ళీ బాత్రూముకు ఎవరిని పిలవాలా అని ఆలోచించుకుని తాగేదాన్ని.

ఓడ ప్రయాణం నా ఆలోచనే. నా చిన్నతనంలో ఇంటిల్లిపాదీ సాగర్ వెళ్ళాం. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కే మెట్లు నేను దిగలేనని, సంచులకు కాపలాగా నన్ను గట్టు మీద కూర్చోబెట్టి అందరూ నీళ్ళ మధ్యనున్న కొండకు వెళ్ళొచ్చారు. వచ్చాక గాలి ఎంత బాగుందో, నీళ్ళు ఎంత లోతుగా ఉన్నాయో నాకే చెప్పారు. ఆ రోజు నుంచీ నాకొకటే కోరిక. నీళ్ళ మధ్యలోకి పోవాలి, అంచు దాకా నా అంతట నేనే పోవాలి, ఎవరూ పద పద అనకుండా నాకు చాలనిపించేదాకా చూడాలి.

చెన్నై నుంచి బయల్దేరే ఓడ ఒకటుందని తెలిశాక నేనే ఫోన్ చేశాను. గది తలుపు వెడల్పు అడిగాను, లిఫ్టు పై డెక్కు దాకా వెళ్తుందా అని అడిగాను. ఆ అమ్మాయి ఓపిగ్గా అన్నీ చెప్పింది. పై డెక్కు అంచున అద్దాలుంటాయట, కూర్చున్నవాళ్ళకూ సముద్రం కనిపిస్తుందట. కుర్చీ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలంది. ఎలాగూ పైకి పోయి చూస్తాను కదా అని కిటికీ లేని గదే తీసుకున్నాను. మా తమ్ముడు, మరదలు, మరదలి అన్నయ్య మేమూ వస్తామన్నారు. సంతోషమే అనిపించింది.

మా వైపు వ్యాపారస్థుల ఇళ్ళల్లో ప్రయాణమంటే ముందు తిండి కడతారు. బయటి నూనె పడదు, బయటి వంట నచ్చదు. ఓడలోకి ఇంటి తిండి రానివ్వరని నేను ముందే చెప్పాను. అక్కడికెళ్ళాక బతిమాలదాంలే అని మరదలు కొట్టిపారేసింది. జంతికల డబ్బాలు, సున్నుండలు, గోంగూర జాడీ, మాగాయ జాడీ, కందిపొడి, ఆఖరికి కరెంటు కుక్కర్ కూడా కట్టింది. నన్ను ముందే ఎత్తి వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టారు. వెనక ఏం ఎక్కిస్తున్నారో నాకు కనపడలేదు.

ఒంగోలు దాటాక టీకి ఆపారు. కుర్చీ దించమన్నాను. తమ్ముడు టీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"కుర్చీ తేలేదక్కా. సామాను పట్టక వసారాలో దించేశా. దాందేముంది, మేమిద్దరం లేమా ఏంది? ఎత్తుకుంటాం."

టీ తాగకుండానే గ్లాసు వెనక్కిచ్చేశాను. మరదలు వెనక నుంచి నన్ను ఓదార్చింది. నలుగురిలో ఆ చక్రాల కుర్చీలో తిరిగితే చూసేవాళ్ళకు బాగుండదట. ఇద్దరు మగవాళ్ళు నన్ను చెరో చంక కిందా చెయ్యేసి లేపుకుపోతే మాత్రం బాగుంటుంది కాబోలు. వెనక్కి తిప్పమన్నాను. ఓడ వెళ్ళిపోద్దక్కా అని వాడు నవ్వాడు. ఆ నవ్వుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

రేవులో అనుకున్నట్టే అయింది. తిండి లోపలికి కుదరదన్నారు. మరదలు బతిమాలింది, మా వదినకు ఒంట్లో బాగుండదండీ అని నన్ను కూడా చూపించింది. నాకేం రోగమని? వాళ్ళు ఒప్పుకోలేదు. జాడీలు, డబ్బాలు అన్నీ వ్యానులోనే ఉండిపోయాయి. వాటి కోసం దిగిన నా కుర్చీ నరసరావుపేటలో ఉంది, అవి చెన్నై రేవులో ఉన్నాయి. నేను ఉత్త చేతులతో ఓడ ఎక్కాను.

ఓడ వాళ్ళు తమ కుర్చీలో నన్ను గది దాకా తీసుకెళ్ళారు. ఇంకా ఎక్కాల్సినవాళ్ళున్నారని దాన్ని తీసుకుపోతూ, మీ కుర్చీ ఏదని అడిగారు. నేను తమ్ముడి వైపు చూశాను. మేమున్నాం, పర్లేదని వాడే జవాబు చెప్పాడు.

సాయంత్రం తమ్ముడూ, మరదలి అన్నయ్యా కలిసి నన్ను పైకి మోసుకెళ్ళారు. దారిపొడుగునా జనం తప్పుకుని నిలబడ్డారు. ఒకావిడ మా తమ్ముణ్ణి చూసి చేతులు జోడించింది. ఇంకెవరో ఫోన్లో వీడియో తీశారు. నా చీర పిక్కల పైకి జరిగిపోయింది, సర్దుకుందామంటే నా రెండు చేతులూ వాళ్ళ మెడల చుట్టూ ఉన్నాయి. చచ్చిపోదామన్నంత సిగ్గేసింది.

స్టేజీ ఎదురుగా ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడి కుర్చీలన్నీ నేలకు బిగించినవి. సముద్రం నా వెనక ఉంది. అంచు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను.

"అక్కడ గాలెక్కువక్కా, పడిపోతావ్. ఇక్కడైతే పాటలు చానా బాగా కనపడతయ్."

పాటలు కనపడతాయట! వాళ్ళు ముగ్గురూ ఇప్పుడే వస్తామని వెళ్ళారు. మెడ నొప్పెట్టేదాకా వెనక్కి తిరిగాను. కనిపించినవి అంచున నిలబడ్డవాళ్ళ వీపులే. అందులో మా మరదలిదీ ఉంది, ఫోటోలు దిగుతోంది. ఎవరో పిల్లాడి తల్లి మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దన్నాను. తాగితే ఎవరు మోస్తారు? మళ్ళీ నా పాత బతుకు నా దగ్గరికొచ్చింది.

మర్నాడు పొద్దున వాళ్ళు వచ్చి చేతులు చాపారు. నేను రానన్నాను. తలనొప్పేమోలే అనుకుని మాత్ర ఇచ్చి వెళ్ళారు. ఓడ తిరిగి రేవుకు వచ్చేదాకా నా గదిలో, గోడకున్న లైటు కింద పడుకున్నాను. ఇంజను మోత వినిపించేది. దాన్నిబట్టే సముద్రం మీద ఉన్నానని తెలిసేది.

ఇంటికొచ్చేసరికి వసారాలో నా కుర్చీ మీద పాత పేపర్లు పడున్నాయి. వాటిని తోసేసి కూర్చున్నాను. ఇరుగుపొరుగువాళ్ళు చేరారు. మరదలు గోంగూర జాడీ మూత తీస్తూ, వదినను పువ్వుల్లో పెట్టి తిప్పుకొచ్చామని చెప్పింది. తమ్ముడు భుజాలు నొక్కుకుంటూ నవ్వుతున్నాడు. ఎదురింటి పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"అదృష్టవంతురాలివే అమ్మాయ్. సముద్రం ఎట్టుంది?"

ఇంతకాలం అలాంటప్పుడు నేను నవ్వి ఊరుకునేదాన్ని. మోసిన చేతుల్ని నలుగురిలో చిన్నబుచ్చకూడదనుకునేదాన్ని.

"నేను చూళ్ళేదు పిన్నీ," అన్నాను. "నా కుర్చీ ఇక్కడే దించేశారు. వాళ్ళు నన్ను సముద్రానికి వీపు పెట్టి కూర్చోబెట్టి పోయారు. నా అంతట నేను తిరగలేకపోయా."

తమ్ముడు భుజం మీది చెయ్యి తీశాడు. నీళ్ళు తెమ్మంటావా అక్కా అని మెల్లిగా అడిగాడు. వద్దన్నాను. కుర్చీ తోసుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, నాకు నేనే ముంచుకుని కడుపునిండా తాగాను.