కేకు ఇంకా ఊరలేదు

మా అత్తగారు వసంతలక్ష్మి గారు కేకు చేస్తారు, డబ్బాల్లో పెట్టి తెలిసిన ఇళ్లన్నిటికీ పంచుతారు, కానీ ఎవరినీ తిననివ్వరు. ఆవిడ గురించి చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు. దానివల్ల నేనెన్నిసార్లు తల దించుకున్నానో చెప్పాలంటే మాత్రం కాస్త టైము పడుతుంది.

మామగారి ఉద్యోగం పుణ్యమా అని ఆవిడ సగం జీవితం ఇంగ్లండ్‌లో, లీడ్స్ అనే ఊళ్లో గడిపారు. ఆయన పోయాక అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా దగ్గరే ఉంటున్నారు. లీడ్స్ నుంచి ఆవిడ రెండు తెచ్చుకున్నారు. ఒకటి, కనబడ్డ ప్రతి మనిషినీ "లవ్" అనే అలవాటు. అక్కడ కూరగాయల కొట్టాయన దగ్గర్నుంచి బస్సు డ్రైవరు దాకా అందరూ అలాగే పిలుచుకుంటారట. ఇక్కడ మా మెయిల్‌మ్యాన్‌ని మొదటిసారి "థాంక్యూ, లవ్" అన్నప్పుడు ఆయన పార్సిల్ కింద పడేశాడు. రెండోది, పార్కిన్.

పార్కిన్ అంటే అక్కడివాళ్లు నవంబరు అయిదున పెద్ద మంట వేసుకుని, చుట్టూ నిలబడి తినే కేకు. ఓట్స్ పిండి, శొంఠి, బెల్లప్పాకంలా నల్లగా ఉండే మొలాసిస్ కలిపి చేస్తారు. చేసిన రోజు కొరికితే ఇటుక. మూత బిగించి వారం రోజులు వదిలేస్తే మెత్తబడి, కాస్త జిగురెక్కుతుంది. నోట్లో పెట్టుకుంటే శొంఠి ఘాటు ముక్కుదాకా వెళ్తుంది. ఈ వారం రోజుల వ్యవహారానికి అత్తయ్య పెట్టిన పేరు 'ఊరడం'.

రెండేళ్ల కిందట మా కమ్యూనిటీ ఫాల్ ఫెస్టివల్‌లో ఒక అమెరికన్ ఆవిడ, ఇంగ్లండ్‌లో ఆ మంటల పండగ ఎందుకు చేస్తారని మర్యాదకి అడిగింది. అత్తయ్య అందరికీ వినబడేలా వివరించారు.

"వెనకటికెవరో పార్లమెంటు కింద గన్‌పౌడర్ పెట్టి పేల్చేద్దామనుకున్నారు, లవ్. దొరికిపోయారు. అందుకని మేం కేకు తింటాం!"

వాషింగ్టన్ పక్కన, సగం మంది గవర్నమెంటు ఉద్యోగులున్న గుంపులో అన్న మాట ఇది. నేను మెల్లిగా గుమ్మడికాయల వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

అదే ఏడు హాలోవీన్‌కి వచ్చిన పిల్లలకి చాక్లెట్ల బదులు ఫాయిల్‌లో చుట్టిన పార్కిన్ ముక్కలిచ్చి, "ఇవాళ తినకూడదు, వచ్చే వారం తినాలి" అని వేలు చూపించి మరీ చెప్పారు. ఒక తల్లి పిల్లాణ్ని చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కుంది. మరుసటేడు ఆ సందులో పిల్లలు మా ఇల్లొక్కటీ వదిలేసి వెళ్లారు.

తెలుగువాళ్ల ఇళ్లలో ఇంకో తంటా. మనకి ఎవరైనా తినేది తెచ్చిస్తే వాళ్ల ముందే మూత తీసి రుచి చూడటం మర్యాద. పాపం మా వీధిలో ఉండే శశికళ అలాగే మర్యాదగా కత్తి తీసింది.

"అయ్యో, పచ్చిదాన్ని కోసేస్తావేంటమ్మా!" అని అత్తయ్య కత్తి లాక్కున్నారు.

"మరి ఎప్పుడు తినాలి ఆంటీ?"

"నేను చెప్తాగా. మూడో రోజొచ్చి చూస్తా. మన ఆవకాయ మూడో రోజు తిరగేసి ఉప్పు చూడమూ? ఇదీ అంతే."

ఆవకాయ మాటెత్తాక ఇంక ఎదురు చెప్పే తెలుగు మనిషెవరు? అందరూ నమ్మారు. నేనూ నమ్మాను. చీర మీద స్వెటరు, కాళ్లకి వాకింగ్ షూస్ వేసుకుని అత్తయ్య అక్టోబరంతా కేకుల ఇన్‌స్పెక్షన్‌కి తిరిగేవారు. మా ఆయన ఉమాకాంత్‌కి మొరపెట్టుకుంటే, "మా అమ్మంతే" అని మళ్లీ హెడ్‌సెట్ పెట్టుకునేవాడు.

ఇదంతా ఎలాగో ఓర్చుకున్నాను గానీ, ఈ ఏడు ఆవిడ మా మేనేజర్ ఇంటి మీద పడ్డారు.

మా మేనేజర్ విశ్వనాథ్ గారిల్లు మా వెనక వీధిలోనే. వాళ్లకి సెప్టెంబరులో బాబు పుట్టాడు. ఆయన భార్య గీతాంజలి నెమ్మదస్తురాలు. పలకరిస్తే "అయామ్ ఫైన్ అండీ" తప్ప రెండో మాట రాదు. అత్తయ్య వాళ్లింట్లో ఒక డబ్బా ఇచ్చారు. అందరికీ మూడో రోజు ఇన్‌స్పెక్షనైతే వాళ్లింటికి మాత్రం రోజూ. నా ప్రమోషన్ ఫైలు సరిగ్గా ఆ అక్టోబరులోనే ఆయన టేబుల్ మీదుంది. ఆయన ఒక్క మాట రాస్తే వస్తుంది, ఒక్క మాట రాస్తే పోతుంది.

"రోజూ ఎందుకత్తయ్యా?" అని అడిగాను.

"వాళ్లింట్లో హీటర్ ఎక్కువ పెడతారు. కేకు ఎలా ఊరుతోందో ఏమిటో."

"ఆయన నా బాస్! మనల్ని చూసి ఏమనుకుంటారు?"

"బాస్ అయితే కేకు ఊరదా?"

పోనీ గుట్టుగా వెళ్తారా అంటే అదీ లేదు. వాళ్ల డోర్‌బెల్‌కి కెమెరా ఉంది. ఈవిడ అందులోకి ముక్కు ఆనించి, "కేకు చూడ్డానికొచ్చా, లవ్!" అని అరుస్తారు. ఆ వీడియో ఆఫీసులో ఉన్న మా మేనేజర్ ఫోన్‌కి వెళ్తుంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ సాయంత్రం నిష్ఠూరంగానే అనేశాను.

"ఇంక చాలత్తయ్యా. నాకు తల కొట్టేసినట్టుంది. రేపెళ్లి ఆ డబ్బా తెచ్చేసుకోండి. మళ్లీ వాళ్ల గడప తొక్కొద్దు."

"సరేలే, తెచ్చేసుకుంటా" అన్నారావిడ.

మరునాడు మధ్యాహ్నం టీమ్ మీటింగ్. కాన్ఫరెన్స్ రూమ్ నిండా జనం. విశ్వనాథ్ గారి ఫోన్ టేబుల్ మీద టింగుమంది. ఆయన చూద్దామని నొక్కారు గానీ, సౌండ్ ఆపడం మరిచిపోయారు. మా అత్తగారి గొంతు గదంతా మోగింది.

"కేకు ఊరిపోయింది, లవ్! డబ్బా తీసుకెళ్లిపోదామని వచ్చా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. విశ్వనాథ్ గారి మొహం మాడిపోయింది. ఫోన్ బోర్లించి నా వైపు చూశారు. భూమి చీలితే బాగుండనిపించింది గానీ, మేమున్నది మూడో అంతస్తు.

"భావనా, మీటింగ్ అయ్యాక ఫైవ్ మినిట్స్ ఉండగలవా?"

అంతా అయిపోయిందనుకున్నాను. అందరూ వెళ్లాక ఆయన తలుపు వేసేలోపే నేను మొదలుపెట్టాను.

"సర్, అయామ్ సో సారీ. ఇంట్లో గట్టిగా చెప్పేశాను. ఇంక రారు. ఇవాళే లాస్ట్."

"నువ్వా చెప్పింది?" అన్నారాయన కుర్చీలో కూలబడుతూ. "నువ్వే వద్దన్నావా?"

"మీకు ఇబ్బందని..."

"మా అత్తగారికి వీసా రాలేదు భావనా. మనిషిని పెట్టుకుందామంటే గీత ఒప్పుకోదు. 'నా బిడ్డని నేను చూసుకోలేనా, నలుగురికీ తెలిస్తే ఎంత సిగ్గు' అని ఏడుస్తుంది. శశికళ హెల్ప్‌కి వస్తానంటే వద్దంది. మీ అత్తగారు హెల్ప్ అనే మాటే ఎత్తలేదు. కేకు చూడ్డానికని వస్తారు. చూస్తూ చూస్తూ బాబుని భుజానేసుకుంటారు. 'కేకు కాస్త చల్లబడాలి, అందాకా పడుకో' అంటారట. ఇన్నాళ్లూ గీత కంటినిండా నిద్రపోయింది ఆ రెండు గంటలే." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ కేకు ఇంకా ఊరలేదని ఆవిడతో చెప్పించగలవా? ప్లీజ్."

మేనేజరు నాతో ప్లీజ్ అనడం అదే మొదటిసారి. అన్నాళ్లూ ఆవిడని చూసి నేను పడ్డ సిగ్గంతా ఒక్కసారి నా మీదికే తిరిగింది. లాప్‌టాప్ మూసి ఇంటికి బయల్దేరాను.

మా వీధి మలుపులోనే కనిపించారు. చంకలో డబ్బా, రాలిన మేపుల్ ఆకుల్లో మెల్లిగా నడిచొస్తున్నారు. కారు పక్కకి ఆపి దిగాను.

"అత్తయ్యా, ఒక్కటి చెప్పండి. ఆ కేకుని రోజూ చూడాలా?"

"చూడనే కూడదు. మూత తీసినకొద్దీ ఎండిపోతుంది. దానంతటదే ఊరాలి."

"మరి ఆవకాయ, మూడో రోజు..."

"అది ఆవకాయకే. కేకుకి నేనే కల్పించా." ఆవిడ డబ్బా రెండో చంకలోకి మార్చుకున్నారు. "మీ ఆయన పుట్టినప్పుడు లీడ్స్‌లో మా పక్కింటి డోరీన్ ఇలాగే కేకిచ్చి రోజూ వచ్చేది. నా కేకు ఎలా ఉందో చూడాలి, లవ్, అని. వచ్చి వీణ్ని ఎత్తుకునేది. ఇంగ్లీషు కేకులకి ఎంత చాకిరీ చెయ్యాలో అనుకునేదాన్ని. తర్వాత ఎప్పుడో వెలిగింది నాకు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నువ్వు మీ ఆఫీసులో అంటావు, వాళ్లు ఆ పిల్లని జాలిగా చూస్తారు. నన్ను చూసి నవ్వుకుంటే నాకేం పోయింది?"

ఆవిడ చేతిలోంచి డబ్బా తీసుకున్నాను. చాలా బరువుగా ఉంది. ఒక్క ముక్క కూడా కోసినట్టు లేదు.

"నన్ను క్షమించండత్తయ్యా. విశ్వనాథ్ గారు ఇంకా ఊరలేదని చెప్పమంటున్నారు."

"ఊరిందని కెమెరాలో అరిచి చచ్చాను కదే. ఇప్పుడు మాట మారిస్తే ఆ పిల్లకి అనుమానం రాదూ?"

నాకే ఒక ఉపాయం తట్టింది.

"ఇంగ్లీషువాళ్లకి ఇంతకంటే ఎక్కువ రోజులు ఊరే కేకు ఏదీ లేదా?"

అత్తయ్య కళ్లజోడు మీదుగా నన్ను చూశారు. నేనా ఇంటి కోడలినైనప్పట్నుంచీ అంత మెచ్చుకోలుగా ఎప్పుడూ చూడలేదు.

"ఎందుకు లేదు, క్రిస్మస్ కేకు! ఇప్పుడు చేస్తే డిసెంబరు దాకా ఊరుతూనే ఉంటుంది. పైగా చెంచాతో బ్రాందీ పట్టిస్తుండాలి. మనం టీ డికాషన్ పట్టిద్దాం."

"రోజూ పట్టించాలా?"

"వారానికోసారి చాలు," అన్నారావిడ, అప్పటికే వెనక్కి తిరిగి గీతాంజలి ఇంటివైపు నడుస్తూ. "నువ్వు మాత్రం ఎక్కడా అనకు."