పెద్దబాపు పడవకు కట్టిన మోకు

నా చిన్నప్పుడు, ఒక వానాకాలం, మా పెద్దబాపు తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. మా బాపుకు, అంటే నాన్నకు, అన్న ఆయన. కల్లు గీసేవాడు. తడికి మోకు జారింది. మోకు అంటే గీసేవాళ్లు నడుము వెనక నుంచి చెట్టు చుట్టూ వేసుకునే లావుపాటి తాడు. దానికి ఆనుకుని, రెండు చేతులూ వదిలేసి పని చేస్తారు. నెలకు పైగా చేవెళ్ల దవాఖానలో ఉండి వచ్చాక ఆయన మళ్లీ చెట్టెక్కలేదు. ఎక్కువసేపు నడవలేడు, నిలబడలేడు. మోకును మాత్రం దూలానికి వేలాడదీసి ఉంచాడు. దానికి ఎవరి కాలూ తగలనిచ్చేవాడు కాదు.

మొయినాబాద్ దగ్గర మా పొలాల దాకా గండిపేట చెరువు నీళ్లు వచ్చేవి. అవతలి ఒడ్డున పెద్దబాపుకు దోసతోట ఉండేది. ఎవరైనా బండి ఎక్కించుకుని చుట్టూ తిప్పి తీసుకుపోతేనే ఆయన తన తోట చూసుకోగలిగేవాడు. దించేటప్పుడు ఇద్దరు చంకల కింద చేతులు వేసి ఎత్తేవారు. అప్పుడు ఆయన ఎవరి ముఖమూ చూసేవాడు కాదు.

మరుసటి ఏడు వెదురు బద్దలు వంచి, పాత టార్పాలిన్ తొడిగి, డాంబర్ పూసి, ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేంత సన్నని పడవ చేశాడు. ఇప్పటి పిల్లలు కయాక్ అంటున్నది అలాంటిదే. పడవ బాగానే తేలింది. నాలుగుసార్లు తెడ్డు వేసేసరికి ఆయన నడుమే నిలవలేదు.

మొదట విరిగిన కుర్చీ వీపుచెక్క బిగించాడు. అది వెన్నుపూసను ఒరుసుకుంది. గడ్డి కుక్కిన గోనెసంచి పెడితే నీళ్లు పీల్చి బరువెక్కింది. ఆ పూట నన్ను పిలిచి, వీపు మీద అరచెయ్యి పెట్టమన్నాడు. పైన పెడితే వద్దన్నాడు. కిందికి, ఇంకా కిందికి జరిపించి నడుము వంపు దగ్గర ఆపాడు.

"గిక్కడ. చెట్టు మీద మోకు గిక్కడనే ఉంటది. భుజాలను పట్టుకుంటే అవి పనెట్ల చేస్తయి బిడ్డా?"

మోకు దూలం మీది నుంచి దిగింది. దానికి గొంగడి ముక్క చుట్టి, పడవ రెండు అంచులకూ లాగితే ఊడే జారుముళ్లతో కట్టాడు. ఆనుకుంటే అది ఆయనతో పాటే కదిలింది.

నాకు ఆ జారుముళ్లే నచ్చలేదు. జారినందుకే కదా ఆయన పడ్డది. మర్నాడు పొద్దున ఆయన పడవలో కూర్చోగానే, మిగిలిన మోకు కొసను పొట్ట మీదుగా తిప్పి ముడి మీద ముడి వేశాను.

"ఏందే, బర్రెను కట్టేసినట్టు కడుతున్నవ్!" అని నవ్వాడు.

"మళ్ల పడొద్దు నువ్వు" అన్నాను. నా ముఖం చూసి వద్దనలేకపోయాడు.

ఆయన మొల లోతు నీళ్లే. తెడ్డు బురదలో దిగబడి పడవ తిరగబడింది. డాంబర్ పూసిన అడుగుభాగం ఎండలో మెరుస్తూ పైకి తేలింది. ఆయన తేలలేదు. పడవ మాత్రం అదిరిపడుతోంది. నేను కేక పెట్టాను. పొలంలో ఉన్న బాపు పరిగెత్తుకొచ్చాడు. బాపు నీళ్లలోకి దిగేలోపే పెద్దబాపు దగ్గుతూ, పడవకు ఆనుకుని లేచాడు. ఒక చేతిలో ఎప్పుడూ మొలకు పెట్టుకునే కత్తి, ఇంకో చేతిలో తెగిన మోకు.

"ఎవరు కట్టిండ్రు గిట్ల? సావాల్ననుకున్నవా అన్నా?" అని అరిచాడు బాపు.

"నేనే కట్టుకున్న" అన్నాడు పెద్దబాపు, నా వైపు చూడకుండా.

బాపు వెళ్లాక తెగిన కొసలు నా ఒడిలో పెట్టాడు. ఆ మోకు మీద కత్తి పెట్టడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఏడ్చాను. ఆయన తిట్టలేదు.

"మోకు నన్ను చెట్టుకు కట్టేసేది కాదు బిడ్డా. నేను ఆనుకుంటే ఆపుతది, దిగుతనంటే దిగనిస్తది."

సాయంత్రం ఇద్దరం కలిసి కొసలు కలిపి పేనాం. తర్వాత ఆయన నన్ను పడవలో కూర్చోబెట్టి, తాను పక్కనే నిలబడి, ఐదారుసార్లు పడవను బోర్లించాడు. కళ్లు మూసుకుని ముడి లాగి బయటపడడం నాకు వచ్చాకే ఆపాడు.

మూడో నాడు ఒక్కడే అవతలికి పోయాడు. ఇవతలి ఒడ్డు నుంచి మేం చూస్తూ నిలబడ్డాం. అక్కడ చెయ్యి అందించే మనిషి లేడు. పడవ అంచు పట్టుకుని ఒక్కో కాలే బయటపెట్టి, చాలాసేపటికి దిగాడు.

పక్షవాతం నుంచి కోలుకుంటున్న మా ఆయన ఈమధ్య స్నానానికి తనే వెళ్తానంటున్నారు. గుమ్మం దాకా వెనకే నడుస్తాను. గడియ పెట్టకుండా తలుపు వేసుకున్నాక బయట నిలబడి నీళ్ల చప్పుడు వింటాను. చప్పుడు ఆగిన ప్రతిసారీ నా చెయ్యి తలుపు దాకా వెళ్తుంది. ఆయన పిలిస్తేనే తీస్తాను.